ఇంటికీ ఆసుపత్రికీ మధ్య దారి

ఏ పల్లె సంఘంలోనైనా ఆదివారం ప్రార్థన మనవులు చదివే సమయాన్ని గమనించండి. ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు, కోర్టు కేసులు పక్కన పెడితే మిగిలినవన్నీ శరీరానికి సంబంధించినవే. షుగరు, బీపీ, కిడ్నీ, గర్భసంచి, కోడలికి రక్తం తక్కువ, నాన్నకు నెల రోజుల నుండి తగ్గని దగ్గు. కాపరి గారు ఒక్కొక్కరి పేరు ఎత్తి ప్రార్థిస్తారు, సంఘమంతా ఆమేన్ అంటుంది. అది చేయవలసిన పనే. అయితే ఆ మనవుల్లో ఎన్నింటికి మండల కేంద్రంలోనే ఉచితంగా మందు ఉందో, ఉన్న మందు ఆ మనిషి దాకా ఎందుకు రాలేదో మనం అడగడం అరుదు. ఈ వారం ఆ ప్రశ్నను సంఘాల ముందు పెట్టాలనుకుంటున్నాము.

కాగితం మీద చూస్తే మన పల్లెలకు వైద్యం లేదనడానికి వీల్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే ఆలోచన 1946 నాటి భోర్ కమిటీ నివేదికలోనే ఉంది. ఇప్పటి ప్రమాణం ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000కు, 20,000కు ఒకటి చొప్పున ఉండాలి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఏడాది హైదరాబాదులో 108 మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇవి చిన్న సంగతులు కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంత్రసాని బయటికి వచ్చి ఏం చెబుతుందోనని గడప దగ్గర మోకరించిన తరం ఇంకా మన మధ్య ఉంది. వారిని అడిగితే ఈ మార్పు ఎంత పెద్దదో చెబుతారు.

అదే సర్వేలో ఇంకో రెండు అంకెలు ఉన్నాయి. తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. అదే రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సిజేరియన్లు 42 శాతం, రక్తహీనత 58 శాతం. ఒకవైపు అక్కరలేని కోత, మరోవైపు రక్తం పట్టే మాత్రలు, సరైన తిండి లేని తల్లులు. వైద్యం ఉండడం వేరు, అవసరమైన వారికి అవసరమైనంత అందడం వేరు.

ఎందుకు అందడం లేదో అర్థం చేసుకోవడానికి ఒక పాత పరిశోధన బాగా ఉపయోగపడుతుంది. కాన్పు సమయంలో తల్లులు ఎందుకు చనిపోతున్నారని పరిశీలిస్తూ 1994లో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాలను గుర్తించారు. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం, బయలుదేరాక చేరడంలో ఆలస్యం, చేరాక సరైన చికిత్స మొదలవడంలో ఆలస్యం. తల్లుల గురించి చెప్పిన ఈ మాట పాముకాటుకు, గుండెపోటుకు, పక్షవాతానికి, క్షయకు కూడా సరిపోతుంది. పల్లెలో మనిషి చాలాసార్లు జబ్బుతో కాదు, ఈ ఆలస్యాలతో పోతాడు. సంఘం ఉన్నది సరిగ్గా ఆ ఇంటికీ ఆ ఆసుపత్రికీ మధ్యలోనే.

మొదటి ఆలస్యం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన చేతిలో ఎక్కువగా ఉన్నది అదే. బయటివారు దీన్ని అజ్ఞానం అంటారు. మేము అలా అనుకోవడం లేదు. కూలికి వెళ్లే స్త్రీ తెల్లవారక ముందే వంట చేసి ఏడింటికల్లా చేనులో ఉండాలి. ఆరోగ్య కేంద్రంలో ఓపీ ఆమె చేనులో ఉన్న వేళలోనే నడుస్తుంది. వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు అవుతుంది, డాక్టరు లేకపోతే రెండూ వృథా. అదే ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ రాత్రి పదింటికైనా ఇంటికి వస్తాడు, అప్పు పెడతాడు, 'ఏం కాదులే అమ్మా' అంటాడు. ఆయన్ను ఎగతాళి చేయడం తేలిక. కానీ పేదవాడి దృష్టిలో ఆయన ఇస్తున్నది సైలైన్ బాటిల్ మాత్రమే కాదు, మర్యాద కూడా. మన సంఘాల్లో ఎక్కువ భాగం దళితవాడల్లో, గిరిజన గూడేల్లో ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రి బల్ల దగ్గర 'నువ్వు' అనిపించుకుని కసురు తిన్న మనిషి రెండోసారి అక్కడికి వెళ్లడానికి ఎందుకు వెనకాడతాడో వారికి వేరే చెప్పనక్కర లేదు. చిక్కేమిటంటే, అవసరం లేని సూది మందులతో, సగం డోసు యాంటీబయాటిక్‌లతో జ్వరం మూడు రోజులు అణగి ఉంటుంది. ఆ మూడు రోజులే డెంగీలోనో న్యుమోనియాలోనో చాలా విలువైనవి.

ఇంట్లో జబ్బు ఎవరిది అన్నదాన్ని బట్టి కూడా ఈ ఆలస్యం మారుతుంది. కొడుకుకు జ్వరం వస్తే ఆ రాత్రే బండి కడతారు. కోడలికి తెల్లబట్ట అవుతోందన్నా, అత్తకు రొమ్ములో గడ్డ తగిలిందన్నా నెలలు గడుస్తాయి. చాలామంది స్త్రీలు ఆ మాటను భర్తతో కంటే ముందు స్త్రీల కూడికలో పాస్టరమ్మ గారితోనే చెబుతారు. అంటే ఆ గడ్డ గురించి మొదట విన్నది సంఘమే. విన్న తర్వాత ఏం చేశాం?

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. కొన్నిచోట్ల స్వస్థత కూటాల్లో, ఉపవాస ప్రార్థనల్లో, 'విశ్వాసముంటే మాత్రలు మానేయి' అనే బోధ వినబడుతోంది. మాత్రలు మానడమే విశ్వాసానికి రుజువన్నట్టు సాక్ష్యాలు చెప్పిస్తున్నారు. దేవుడు స్వస్థపరచగలడని మేము నమ్ముతున్నాము. అయితే లేఖనాలు ఎక్కడా మందును విశ్వాసానికి శత్రువుగా చూపవు. హిజ్కియా ప్రార్థనను దేవుడు విన్నాడు, యెషయా మాత్రం ఆ పుండు మీద అంజూరపు ముద్ద వేయించాడు. పౌలు తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో చెప్పాడు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రభువు కుష్ఠరోగులను బాగుచేశాక 'ఇక మీకు ఎవరితోనూ పని లేదు' అనలేదు, వెళ్లి యాజకునికి చూపించుకోమన్నాడు. ఆనాడు ఆ జబ్బు పోయిందో లేదో పరీక్షించి చెప్పే అధికారం యాజకునిదే. ఆ లెక్కన షుగరు పోయిందని సాక్ష్యం చెప్పే సహోదరుణ్ణి ముందు రక్తపరీక్షకు పంపించడం అవిశ్వాసం కాదు, ప్రభువు చూపిన పద్ధతే.

మాత్రలు మానితే ఏమవుతుందో కాపరులకు స్పష్టంగా తెలియాలి. బీపీ మాత్ర మానినవారికి వారం, పది రోజులు ఏమీ తెలియదు, ఒకరోజు ఉన్నట్టుండి మూతి వంకర పోయి చేయి పడిపోతుంది. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. ఇన్సులిన్ మీదే బ్రతుకుతున్న పిల్లవాడికి దాన్ని ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. క్షయ మాత్రలు మధ్యలో మానినవాడికి ఆ మందులకు లొంగని క్షయ రావచ్చు, అది ఇంట్లో వాళ్లకూ అంటుకోవచ్చు.

ఉపవాసం విషయం కూడా అంతే. నలభై రోజుల శ్రమకాలంలో షుగరు ఉన్న పెద్దవాళ్లు ఉదయం మాత్ర వేసుకుని, లేదా ఇన్సులిన్ వేయించుకుని, సాయంత్రం దాకా ఏమీ తినకుండా కూర్చుంటారు. షుగరు పడిపోయి చెమటలు పట్టి, మాట తడబడి సొమ్మసిల్లుతారు. పక్కవారు దాన్ని ఆత్మావేశం అనుకున్న సందర్భాలూ ఉంటాయి. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి. అసలు షుగరు మాత్రలు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దని శ్రమకాలం మొదలయ్యే ఆదివారమే బల్లమీద నుండి ప్రకటిస్తే సరిపోతుంది. ఒక్క నిమిషం పని.

పాముకాటు దగ్గర మొదటి ఆలస్యం, రెండో ఆలస్యం కలిసిపోతాయి. 2000 నుండి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. పోయేవారు ఎక్కువగా పొలాల్లో పనిచేసేవారు, నేలమీద పడుకునేవారు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలయ్యాకే తెలుస్తుంది. విషానికి విరుగుడు సూది మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మంత్రం వేయించడం, పసరు పోయించడం, గాటు కోయడం, బిగుతుగా తాడు కట్టడం, వీటన్నిటిలో పోయేది ఆ మందు పనిచేయగలిగిన సమయమే. కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చడమే ప్రథమ చికిత్స. మంత్రగాడి దగ్గరకు వెళ్లవద్దని మనం గట్టిగా బోధిస్తాం. దాని బదులు ప్రార్థనకని చర్చిలోనే గంటసేపు ఉంచేస్తే ఆ గంట కూడా పోయినట్టే. ప్రార్థన బండిలో చేయవచ్చు.

రెండో ఆలస్యం దూరానిది. మైదాన ప్రాంతంలో 108 వల్ల ఇది చాలావరకు తగ్గింది. కాన్పు తర్వాత తల్లీబిడ్డల్ని ఇంటికి దింపే వాహనాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కొండల మీద కథ వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పార్వతీపురం మన్యంలో రోడ్డు లేని గూడేల నుండి గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. కర్రకు దుప్పటి కట్టి, వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ, వాగులు దాటుకుంటూ అంబులెన్సు ఆగిన చోటికి చేరుస్తారు. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి మోసుకొచ్చి, జనం దారి ఇవ్వకపోతే ఇంటి పైకప్పు విప్పి దింపిన నలుగురిని మనం సండే స్కూలులో పిల్లలకు బొమ్మ గీసి చూపిస్తాం. మార్కు సువార్తలో ప్రభువు చూసింది ఆ రోగి విశ్వాసాన్ని మాత్రమే కాదు, మోసినవారి విశ్వాసాన్ని. మన్యంలో ఆ నలుగురు ఇంకా నడుస్తూనే ఉన్నారు. వారికి పొగడ్త అక్కరలేదు, రోడ్డు కావాలి. అంతవరకు కాన్పు తేదీకి ముందే కొండ దిగి ఉండడానికి చోటు కావాలి. సాలూరు వంటి చోట్ల గర్భిణుల కోసం వసతి గృహాలు నడిపిన అనుభవం ఐటీడీఏలకు ఉంది. కొండ కింద ఉన్న సంఘాల్లో వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే గదులు ఎన్నో ఉన్నాయి.

ఇక ఆసుపత్రికి చేరాక మూడో ఆలస్యం. మండల కేంద్రంలో రక్తం ఉండదు, ఆపరేషన్ ఉండదు. అక్కడి నుండి ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుండి వరంగల్ ఎంజీఎంకో, గుంటూరు, కర్నూలు పెద్దాసుపత్రులకో, విశాఖ కేజీహెచ్‌కో పంపుతారు. పంపడం తప్పు కాదు, మూడు స్థాయిల వ్యవస్థ పనిచేసే తీరే అది. కానీ చదువు రాని మనిషికి ఆ పెద్ద భవనం ఒక అరణ్యం. చీటీ ఏ కిటికీ దగ్గర రాయించాలి, స్కానింగ్ గది ఎక్కడ, ఆరోగ్యశ్రీ బల్ల దగ్గర ఏ కాగితాలు అడుగుతారు, రక్తం ఎవరిస్తారు, ఏదీ తెలియదు. ఆధార్ ఒక ఊరి పేరుతో, రేషన్ కార్డు ఇంకో స్పెల్లింగుతో ఉంటే సగం రోజు అక్కడే పోతుంది. సాయంత్రానికి విసిగి, గేటు దగ్గర ఎవరో చెప్పిన ప్రైవేటు నర్సింగ్ హోముకు వెళ్లిపోతారు.

అప్పులు మొదలయ్యేది అక్కడే. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి మార్కు చెప్పేటప్పుడు, ఆమె అనేక వైద్యుల దగ్గర తనకున్నదంతా ఖర్చు చేసుకుందని, అయినా జబ్బు ముదిరిందని ప్రత్యేకంగా వ్రాశాడు. రెండువేల ఏళ్ల తర్వాత మన పల్లెల్లో ఆ వాక్యానికి వ్యాఖ్యానం అవసరం లేదు. ఆరోగ్యశ్రీ ఉన్నప్పటికీ ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల కోసం. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. కానీ నెలనెలా కొనే షుగరు మాత్రలు, పదేపదే చేయించే పరీక్షలు, దారి ఖర్చు, తోడు వచ్చినవారి కూలి, ఇవి ఏ పెద్ద అంకెలోనూ కనబడవు. ఎకరం పొలం అమ్మించేది ఒక్కోసారి ఈ చిల్లరే.

ఉద్దానం దీనికి ఒక బాధాకరమైన ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వంటి మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఇంటింటినీ పట్టి పీడిస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కిడ్నీ మొదట నొప్పి పుట్టదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే తప్ప తెలియదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చేనాటికి చాలా భాగం పాడైపోయి ఉంటుంది. ఆ తర్వాత వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. చాలాకాలం ఆ కుటుంబాలు దానికోసం దూర పట్టణాలకు తిరిగాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుండి ఆ ఊళ్లకు తెచ్చే పథకం కూడా వచ్చింది. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే మనుషుల దగ్గరకు ఆసుపత్రి వెళ్లాలే గాని, వారు ఆసుపత్రి వెంట పరుగెత్తడం న్యాయం కాదని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

ఈ ఆలోచన తెలుగు క్రైస్తవులకు కొత్తదేమీ కాదు. అమెరికా లూథరన్ మిషన్ తరఫున అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పుడు, ఆమె డాక్టరే అయినా మిషన్ ఆమెను వైద్యసేవ కోసం పంపలేదు. పురుష వైద్యుని ముందుకు రాలేక ఇళ్లలోనే చనిపోతున్న స్త్రీలను చూసి ఆమె వైద్యం మొదలుపెట్టింది. ఆసుపత్రి 1898లో తెరిచారు. అంటే ఆసుపత్రి భవనం కంటే ముందే ఆమె రోగుల గడపల దగ్గరకు నడిచింది. డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రి అయినా, మెదక్, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రులైనా పట్టణం వదిలి పల్లెకు దగ్గరగా కట్టినవే. ఈరోజు మన మిషన్ ఆసుపత్రుల్లో కొన్ని పేరుకే మిగిలాయి. కొన్నిచోట్ల ఆసుపత్రి స్థలం గురించి జరిగే గొడవల్లో సగం శ్రద్ధ కూడా ఆసుపత్రి మీద లేదు. శతజయంతి ఫ్లెక్సీలకు అయ్యే ఖర్చుతో ఒక ల్యాబ్ టెక్నీషియన్ జీతం ఎన్ని నెలలు ఇవ్వవచ్చో సంఘ కోశాధికారులు ఒకసారి లెక్క వేయాలి.

పెద్ద ఆసుపత్రి కట్టే శక్తి ప్రతి సంఘానికీ ఉండదు. అవసరమూ లేదు. మన సంఘాల్లో నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు లేని సంఘం వెతికినా దొరకడం కష్టం. వారిని మనం నర్సుల దినోత్సవం రోజు శాలువా కప్పడానికి తప్ప పిలవడం లేదు. రెండు వేల రూపాయల బీపీ యంత్రం ఒకటి, షుగరు చూసే మీటరు ఒకటి కొని నెలకొక ఆదివారం ఆరాధన తర్వాత ముప్పై దాటిన వారందరికీ చూసి, పుస్తకంలో రాసి, ఎక్కువ ఉన్నవారి పేర్లు అదే ఏఎన్‌ఎం చేతికిస్తే చాలు. మాత్ర మనం ఇవ్వకూడదు, అది డాక్టరు పని. ఆంధ్రలో విలేజ్ క్లినిక్కుల్లో, తెలంగాణలో పల్లె దవాఖానాల్లో ఈ మాత్రలు ఇస్తారు. కూలి పోకుండా ఆదివారం పల్లె ఒకచోట కూడేది చర్చిలోనే. ఆ వీలు ఏ ప్రభుత్వానికీ లేదు. దాన్ని మన విశ్వాసులకే పరిమితం చేయకుండా వీధిలో అందరినీ పిలవాలి. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి ఏ మతమని అడగలేదు.

పట్టణ సంఘాలకు వేరే పని ఉంది. జిల్లా ఆసుపత్రి పక్కనే వందల మంది సభ్యులున్న సంఘాలున్నాయి. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు వారానికి ఒక ఉదయం ఓపీ దగ్గర నిలబడి, పల్లె నుండి వచ్చినవారికి చీటీ రాయించి, గది చూపించి, కాగితాలు సరిచూసి పెట్టవచ్చు. ఆసుపత్రి అధికారుల అనుమతితో, కరపత్రాలు పంచకుండా. యవ్వనస్థుల కూటంలో ఎవరి రక్తం ఏ గ్రూపో రాసి ఉన్న పుస్తకం, పక్కన ఫోన్ నంబర్లు, ఇది ఏ సువార్త బండి కన్నా తక్కువ పరిచర్య కాదు.

క్షయ విషయంలోనైతే దారి ఇంకా సిద్ధంగా ఉంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష ఉచితం, సాధారణ క్షయకు ఆరు నెలల మందులు ఉచితం. రోగి పోషణకు ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1,000 చేసింది. అయినా బరువు తగ్గి, పనికి వెళ్లలేక, మాత్రలు వేసుకుంటే వికారం వస్తోందని మూడో నెలలో మానేసేవారు ఉన్నారు. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర కింద వ్యక్తులు గాని సంస్థలు గాని పేరు నమోదు చేసుకుని, రోగి అంగీకారంతో, నెలనెలా పప్పు, నూనె, గుడ్లు వంటి ఆహారం అందించవచ్చు. సంఘాలు కూడా నమోదు చేసుకోవచ్చు. స్త్రీల సమాజం ప్రతి ఇంట పిడికెడు బియ్యం తీసి దాచే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆ బియ్యం ఎవరి ఇంటికి వెళ్లాలో ఆరోగ్య కేంద్రంలోని క్షయ విభాగం వారిని అడిగితే చెబుతారు. వచ్చే నెల కమిటీ మీటింగు అజెండాలో ఈ ఒక్క అంశం చేర్చమని కార్యదర్శులను కోరుతున్నాము.